గేదె నిజంగా తినేది గడ్డినేనా?

పాత సంగతులు తలచుకుంటూ కూర్చున్న మనిషిని చూసి "జ్ఞాపకాలు నెమరు వేసుకుంటున్నాడు" అంటాం. ఈ మాట మన భాషకు గొడ్ల కొట్టం నుంచి వచ్చింది. మేత ముగించి వేపచెట్టు నీడలో పడుకున్న గేదెను ఒక పది నిమిషాలు గమనించండి. కళ్లు సగం మూసుకుని దవడలు అడ్డంగా ఆడిస్తూ ఉంటుంది. కాసేపటికి ఆపి, నోట్లోది మింగుతుంది. రెండు మూడు క్షణాల్లో మెడ కింది నుంచి పైకి ఏదో ముద్ద జారి వచ్చినట్టు చర్మం కదులుతుంది. మళ్లీ నమలడం మొదలు. రోజులో ఏడెనిమిది గంటలు దానికి ఇదే పని.

బడి పుస్తకంలో ఆహార గొలుసు బొమ్మ గుర్తుందా? గడ్డి, ఒక బాణం గుర్తు, జింక, ఇంకో బాణం గుర్తు, పులి. పరీక్షలో ఆ పేర్లు వరుసగా రాస్తే మార్కులు పడతాయి. బాణం గుర్తు లోపల ఏముందో ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది. ప్రతి బాణమూ ఒక కడుపు. ఏది అరుగుతుంది, ఏది అరగదు, అరిగినదాంట్లో ఎంత ఒంటికి పడుతుంది, అరగనిది ఎవరి పాలవుతుంది అన్నదంతా ఆ కడుపులోనే తేలుతుంది. ఒక వరిగడ్డి పరకతో బయలుదేరి, గేదె కడుపు మీదుగా రాబందు దాకా వెళ్లి చూద్దాం.

గడ్డిలో ఉన్నదీ చక్కెరే

పొలం మీద పడే సూర్యరశ్మిలో మొక్క తన ఒంట్లో దాచుకోగలిగేది సుమారు ఒక శాతమే. ఆ ఒక్క శాతం మీదే మనతో సహా దాదాపు జంతులోకమంతా బతుకుతోంది. మొక్క ఆ శక్తితో ముందు గ్లూకోజు తయారుచేస్తుంది. తర్వాత గ్లూకోజు అణువులను పూసల్లా గుచ్చి రెండు రకాల దండలు కడుతుంది. ఒకటి పిండిపదార్థం. వరి గింజ నిండా ఉండేది అదే. రెండోది సెల్యులోజ్. ధాన్యం నూర్చాక మిగిలే గడ్డిలో దాదాపు మూడో వంతు ఇదే ఉంటుంది.

అంటే అన్నం మెతుకులోనూ గడ్డి పరకలోనూ ఉన్న పూసలు ఒకటే. పూసకూ పూసకూ మధ్య వేసిన ముడి మాత్రం వేరు. పిండిపదార్థంలోని ముడిని విప్పే అమైలేజ్ అనే ఎంజైము మన ఉమ్మిలోనే ఉంది. అన్నం ముద్దను ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. సెల్యులోజ్ ముడిని విప్పాలంటే సెల్యులేజ్ అనే మరో ఎంజైము కావాలి. అది మన దగ్గర లేదు. తోటకూర కాడల్లోని పీచును మన పెద్దపేగులోని బ్యాక్టీరియా కొంత పులియబెట్టి కాస్త శక్తిని ఇస్తుంది. మిగిలింది బయటికి పోతుంది.

మన సంగతి సరే. గేదె దగ్గర కూడా ఆ ఎంజైము లేదు. ఆవు, మేక, ఏనుగు, గుర్రం, కుందేలు, గడ్డీ ఆకూ తిని బతికే ఈ క్షీరదాల్లో ఏదీ సెల్యులేజ్‌ను సొంతంగా తయారుచేసుకోలేదు. రోజంతా గడ్డి మేసే జంతువుకు గడ్డిని అరిగించుకునే శక్తి లేదన్నమాట. ఆ పని చేసేవాళ్లను అది కడుపులో పెట్టి పోషిస్తుంది.

ఎడమ డొక్కలో ఒక ఊరు

గేదె కడుపులో నాలుగు గదులు ఉంటాయి. మొదటిది, అన్నిటికన్నా పెద్దది రూమెన్. పొట్టలో ఎడమ వైపంతా దాదాపు ఇదే ఆక్రమిస్తుంది. పెద్ద పశువుల్లో వంద లీటర్లకు పైగా పడుతుంది. అంటే ఐదారు బిందెల నీళ్లు పోయవచ్చు. పశువైద్యులు వచ్చీ రాగానే ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి కాసేపు నిలబడటం మీరు చూసే ఉంటారు. రూమెన్ నిమిషానికి ఒకటి రెండు సార్లు ముడుచుకుంటూ లోపలి మేతను కలియబెడుతుంది. ఆ కదలిక చేతికి తెలుస్తుంది. అది ఆగిపోతే పశువుకు బాగాలేదని అర్థం.

లోపల గాలి ఉండదు, చీకటి, 39, 40 డిగ్రీల వేడి. ఇడ్లీ పిండి పులియడానికి మనం వెతికే వెచ్చటి చోటు లాంటిదే, కాకపోతే ఏడాది పొడవునా ఒకే వేడి. ఇందులోని ద్రవంలో ఒక మిల్లీలీటరు తీసుకుంటే వెయ్యి కోట్లకు తక్కువ కాకుండా బ్యాక్టీరియా ఉంటాయి. వాటిని తినే ప్రొటోజోవాలు లక్షల్లో ఉంటాయి. గడ్డి కాడల్లోకి వేళ్లూనుకుని చీల్చే శిలీంధ్రాలు కూడా ఉంటాయి. సెల్యులేజ్ ఉన్నది వీటి దగ్గర. గేదె మింగిన గడ్డి మీద ఇవి గుంపులుగా అతుక్కుని ముడులు విప్పడం మొదలుపెడతాయి.

నెమరు ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. మేసేటప్పుడు గేదె సరిగా నమలదు. గబగబా కోసి మింగేస్తుంది. ఆరుబయట తలవంచుకుని ఎక్కువసేపు మేయడం పులి తిరిగే చోట ప్రమాదం కాబట్టి ఆ అలవాటు ఎప్పటిదో అయి ఉండవచ్చు. తర్వాత తీరిగ్గా పడుకుని ముతక ముక్కలను మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నూరుతుంది. ముక్క ఎంత చిన్నదైతే సూక్ష్మజీవులు అతుక్కోవడానికి అంత ఎక్కువ చోటు. ఇంకో పని కూడా ఉంది. నమిలినంతసేపూ లాలాజలం ఊరుతుంది. పెద్ద పశువులో రోజుకు వంద లీటర్ల దాకా ఊరవచ్చు. ఆ లాలాజలంలో వంటసోడా గుణం ఉన్న లవణాలు ఉంటాయి. రూమెన్‌లో పుట్టే ఆమ్లాన్ని అవి ఎప్పటికప్పుడు విరిచేస్తాయి.

ఆమ్లం ఎక్కడిదంటారా? గాలి లేని చోట గ్లూకోజు పూర్తిగా మండదు. సూక్ష్మజీవులు దాన్ని సగం వాడుకుని ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అనే చిన్న ఆమ్లాలుగా వదిలేస్తాయి. మొదటిది మన వంటింటి వెనిగర్‌లో ఉండేదే. వాటికి ఇది చెత్త. గేదెకు ఇదే భోజనం. రూమెన్ గోడలు ఈ ఆమ్లాలను పీల్చుకుని రక్తంలోకి పంపుతాయి. గేదెకు అందే శక్తిలో దాదాపు 70 శాతం ఇలా వచ్చిందే. పాలలోని కొవ్వులో మంచి భాగం ఎసిటిక్ ఆమ్లం నుంచి తయారవుతుంది. పీచు తక్కువైన దాణా మీద పెంచితే పాలలో వెన్న శాతం పడిపోవడానికి ఇదొక కారణం.

రూమెన్ దాటాక తేనెపట్టు ఆకారపు గోడలున్న రెటిక్యులం, పుస్తకంలో ఆకుల్లాంటి మడతలున్న ఒమేసం వస్తాయి. నాలుగోది అబోమేసం. మన కడుపు లాంటి కడుపు ఇదొక్కటే. ఇక్కడ గట్టి ఆమ్లం, మాంసకృత్తులను విడగొట్టే పెప్సిన్ ఉంటాయి. రూమెన్‌లో పుట్టి పెరిగిన సూక్ష్మజీవులు మేతతో పాటు కొట్టుకొచ్చి ఇక్కడ చచ్చి అరిగిపోతాయి. గేదెకు దొరికే మాంసకృత్తుల్లో సగానికి పైగా ఈ సూక్ష్మజీవుల శరీరాల నుంచి వచ్చినవే. విటమిన్ బి12 కూడా వీటి పుణ్యమే.

కాబట్టి శీర్షికలోని ప్రశ్నకు జవాబు: గేదె గడ్డిని సూక్ష్మజీవులకు మేపుతుంది. అవి వదిలిన ఆమ్లాన్ని తాగుతుంది. చివరికి వాటినే తింటుంది. మన కొట్టంలో ఆహార గొలుసు గడ్డి, గేదె, మనిషి అని మూడు మెట్లు కాదు. మధ్యలో కంటికి కనిపించని మెట్టు ఒకటి ఉంది.

బ్యాక్టీరియాను అరిగించడానికి అబోమేసంలో లైసోజైమ్ అనే ఎంజైము కూడా పనిచేస్తుంది. మన కన్నీళ్లలో ఉండి కంటికి సూక్ష్మజీవుల బెడద రాకుండా కాపాడేది కూడా లైసోజైమే. ఆమ్లంలో పనిచేసేలా అది ఆవుల్లో మార్పు చెందింది. మన గుళ్ల దగ్గర, అడవి దారుల్లో కనిపించే కొండముచ్చు కూడా ఆకులు తిని కడుపు ముందు గదిలో పులియబెట్టుకునే జంతువే. 1987లో అలన్ విల్సన్ బృందం 'నేచర్' పత్రికలో ఒక విశేషం ప్రకటించింది. కొండముచ్చు కడుపులోని లైసోజైమ్ తన దగ్గరి చుట్టాలైన మిగతా కోతుల దాని కంటే కొన్ని అంశాల్లో ఆవుదానికే దగ్గరగా ఉందట. ఏ సంబంధమూ లేని రెండు వంశాలు ఒకే రకం తిండి వల్ల ఒకే రకం మార్పు దగ్గరకు చేరాయి.

అన్ని జంతువులూ ఈ దారి పట్టలేదు. ఏనుగు, గుర్రం పులియబెట్టే పనిని పేగు చివరి భాగంలో పెట్టుకున్నాయి. ఆమ్లాలు దొరుకుతాయి గానీ సూక్ష్మజీవుల మాంసకృత్తులు లద్దెతో పాటు పోతాయి. ఏనుగు తాను తిన్నదాంట్లో సగం కూడా అరిగించుకోలేదు. అందుకే రోజంతా తింటూనే ఉంటుంది. కుందేలుది ఇంకో ఉపాయం. పేగు చివర తయారైన మెత్తటి ఉండలను బయటికి రాగానే తానే తినేస్తుంది. వినడానికి ఎలాగో ఉన్నా లెక్క ప్రకారం అది కూడా ఒక రకం నెమరే.

ఒక రోజు లెక్క

ఇప్పుడు శక్తి సంగతి చూద్దాం. ఒక మోస్తరు పాడిగేదె రోజుకు తేమ తీసేసిన లెక్కన 12 కిలోల మేత తింటుందనుకుందాం. కిలో ఎండు మేతలో సుమారు 18 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. మొత్తం 216. ఆ గేదె రోజుకు 6 లీటర్ల పాలిస్తే, గేదెపాలు లీటరుకు దాదాపు 4.5 మెగాజౌళ్ల చొప్పున 27. అంటే మేతలోని శక్తిలో ఎనిమిదో వంతు పాలలోకి చేరింది. మిగతా ఏడు వంతులు ఎటు పోయాయి?

అన్నిటికన్నా పెద్ద వాటా పేడది. ఎండుగడ్డి మేతైతే 40 శాతం, ఒక్కోసారి సగం దాకా అరగకుండా పేడలోకి వస్తుంది. ఇందుకు ముఖ్య కారణం లిగ్నిన్. గడ్డి కాడకు గట్టిదనం ఇచ్చేది అదే. సెల్యులోజ్ చుట్టూ సిమెంటులా పట్టుకుని ఉంటుంది. గాలి లేని రూమెన్‌లో దాన్ని విరిచే సూక్ష్మజీవులు లేనట్టే. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను నీళ్లలో కలిపి చల్లి, గాలి తగలకుండా మూడు వారాలు మాగబెట్టే పద్ధతి పశుసంవర్ధక శాఖ వారు చెబుతుంటారు. యూరియా నుంచి వచ్చే అమ్మోనియా ఆ సిమెంటు పట్టును సడలిస్తుంది, సూక్ష్మజీవులకు నత్రజనిగానూ పనికొస్తుంది. ఇది చూసి యూరియాను నేరుగా కుడితిలో కలిపితే మాత్రం పశువు చచ్చిపోతుంది. అమ్మోనియా ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కుతుంది.

పేడలోకి పోయిన శక్తి వృథా అయిందనుకోకండి. పిడక మండితే వచ్చే మంట గేదె అరిగించుకోలేకపోయిన సూర్యరశ్మే. పేడపురుగులు, వానపాములు, శిలీంధ్రాలు, నేలలోని కోట్ల సూక్ష్మజీవులు దాని మీదే బతుకుతాయి. ఆహార గొలుసు బొమ్మల్లో వీటికి చోటు దక్కేది తక్కువ. కానీ నేల మీది చాలా చోట్ల మొక్క తయారుచేసిన పదార్థంలో ఎక్కువ భాగం మేసే జంతువుల నోటికి కాక నేరుగా ఈ కుళ్లబెట్టే జీవుల దగ్గరకే చేరుతుంది.

మూత్రంలో మరో నాలుగైదు శాతం పోతుంది. తర్వాతిది వేడి. నిలబడటం, నడవడం, గుండె కొట్టుకోవడం, ఒంటి వేడి నిలుపుకోవడం, రూమెన్‌ను కలియబెట్టడం, అన్నిటికీ ఖర్చు ఉంటుంది. వెచ్చని రక్తం ఉండటం చాలా ఖరీదైన వ్యవహారం. అడవిలో తిరిగే క్షీరదాలు ఒంటికి పట్టిన శక్తిలో ఒకటి నుంచి మూడు శాతమే కొత్త కండగా మార్చుకోగలవు. చేపలు, పురుగులు ఈ విషయంలో మనకన్నా చాలా నయం. వాటికి ఒళ్లు వెచ్చగా ఉంచుకునే ఖర్చు లేదు. పాడిగేదెలో ఎనిమిదో వంతు పాలలోకి రావడమంటే తరతరాలుగా మనుషులు ఏరి కోరి పెంచిన ఫలితం.

త్రేన్పులో పోయే వంటగ్యాస్

మిగిలింది మీథేన్. రూమెన్‌లో సెల్యులోజ్ విరిగినప్పుడు హైడ్రోజన్ కూడా పుడుతుంది. అది పేరుకుపోతే పులియడం మందగిస్తుంది. ఆర్కియా అనే ప్రాచీన జాతి సూక్ష్మజీవులు కొన్ని ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. పులియబెట్టే కుండను శుభ్రంగా ఉంచే పాకీ పని వాటిది. గేదె దాన్ని త్రేన్పుల రూపంలో నోటి ద్వారా వదిలేస్తుంది. వెనుక నుంచి పోయేది చాలా తక్కువ.

మేతలో ఉన్న శక్తిలో ఆరేడు శాతం ఇలా పోతుంది. మన లెక్కలో 14 మెగాజౌళ్లు. పాలలోకి చేరిన శక్తిలో సగం! ఇళ్లకు వచ్చే 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండే శక్తితో పోలిస్తే ఒక గేదె నెలన్నర త్రేన్పులు ఒక సిలిండర్‌తో సమానం. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేది కూడా ఇదే పని. పేడతో పాటు వచ్చిన ఇలాంటి జీవులే అక్కడ కూడా మీథేన్ చేస్తాయి. తొట్టికి గొట్టం బిగించగలం, గేదె నోటికి బిగించలేం, అంతే తేడా.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు 19 కోట్లకు పైగా, గేదెలు, దున్నలు దాదాపు 11 కోట్లు. మీథేన్ వందేళ్ల లెక్కన చూస్తే అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి త్రేన్పును తగ్గిస్తే రైతుకూ లాభమే, వాతావరణానికీ లాభమే. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ టానిన్లు ఎక్కువగా ఉండే మొక్కల పదార్థాలతో 'హరిత్ ధార' అనే దాణా మిశ్రమాన్ని తయారుచేసింది. దీనివల్ల మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని ఆ సంస్థ చెబుతోంది. దీనికన్నా పాత మార్గం ఒకటుంది. మంచి మేత పెట్టి ఒక్కో పశువు పాల దిగుబడి పెంచితే లీటరు పాలకు పడే మీథేన్ వాటా దానంతట అదే తగ్గుతుంది.

ఈ లెక్కలు వేయడం నేర్పిన మనిషి

ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తి ఎంత చేరుతుందన్న ప్రశ్నను మొదటగా పద్ధతి ప్రకారం లెక్కకట్టినవాడు రేమండ్ లిండెమన్ అనే అమెరికా యువకుడు. మిన్నెసోటాలోని సీడార్ బాగ్ అనే చిన్న సరస్సులో నాచు, పురుగులు, చేపలు ఏది ఎంత తిని ఎంత పెరుగుతోందో కొన్నేళ్లు కొలిచాడు. జీవులను జాతుల వారీగా కాకుండా పోషక స్థాయిలుగా విడగొట్టి, స్థాయికీ స్థాయికీ మధ్య శక్తి ప్రవాహంగా చూడాలన్నాడు. ఆయన వ్యాసాన్ని మొదట పరిశీలకులు తిరగ్గొట్టారు. సిద్ధాంతం ఎక్కువైంది, ఆధారం చాలదన్నారు. చివరికి 1942లో 'ఎకాలజీ' పత్రికలో అచ్చయ్యేనాటికి లిండెమన్ లేడు. కాలేయ వ్యాధితో 26 ఏళ్లకే చనిపోయాడు.

పుస్తకాల్లో మనం చదువుకునే 'పది శాతం నియమం' ఆ దారిలో వచ్చిందే. దాన్ని అచ్చమైన నియమం అనడం నాకు ఇష్టం ఉండదు. చోటును బట్టి, జీవిని బట్టి 5 నుంచి 20 శాతం దాకా మారుతుంది. కానీ దాని సారం నిజం. ప్రతి కడుపు దగ్గరా ఎక్కువ భాగం జారిపోతుంది కాబట్టి పై మెట్ల మీద తక్కువమందికే చోటు. ఒక పులికి ఏడాదికి సుమారు 50 జింకలంత వేట కావాలి. వేట తరిగిపోకుండా ఉండాలంటే దాని చుట్టూ అలాంటి జంతువులు 500 దాకా ఉండాలి. నల్లమలలో పులుల సంఖ్య ఎంత ఉండాలో తేల్చేది చివరికి అక్కడి గడ్డే.

పెళ్లి అన్నం ఎందుకు విషమవుతుంది

ఇంతవరకు చెప్పింది కడుపు సవ్యంగా పనిచేసినప్పటి కథ. గడ్డి కోసం తయారైన ఈ ఏర్పాటులోకి మనం వేరే సరుకు పంపితే ఏమవుతుందో ఇప్పుడు చూడాలి.

పెళ్లిళ్ల కాలంలో మిగిలిన అన్నాన్ని పారేయడం ఇష్టంలేక గేదె ముందు పెద్ద తొట్టెడు పోస్తారు. ప్రేమతోనే పోస్తారు. గేదె కూడా ఇష్టంగా తింటుంది. అన్నంలోని పిండిపదార్థపు ముడులు సులువుగా విడిపోయేవి. గడ్డిని నిదానంగా విప్పే బ్యాక్టీరియాను వెనక్కి నెట్టి, పిండిపదార్థాన్ని గబగబా తినే రకాలు గంటల్లో పెరిగిపోతాయి. అవి వదిలేది లాక్టిక్ ఆమ్లం. మిగతా ఆమ్లాల కన్నా ఇది చాలా గట్టిది. మెత్తటి అన్నానికి నెమరు అవసరం లేదు కాబట్టి లాలాజలమూ ఊరదు. మామూలుగా 6, 7 మధ్య ఉండే రూమెన్ పీహెచ్ 5 కంటే కిందికి పడిపోతుంది. ప్రొటోజోవాలు చచ్చిపోతాయి. రూమెన్ కదలడం మానేస్తుంది. లోపల చిక్కబడిన ద్రవం ఒంట్లోని నీటిని లాక్కుంటుంది. పశువు మేత మానేసి, పళ్లు కొరుకుతూ, తూలుతూ పడిపోతుంది. వెంటనే వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. తవుడు బస్తా విప్పి ఉన్నప్పుడు కట్టు తెంచుకున్న ఆవుకూ ఇదే గతి పడుతుంది.

గేదె ఒంట్లో రోగమేమీ లేదు. దాని కడుపులోని ఊరు మారిపోయింది. దాణా మార్చాలంటే వారం పది రోజులపాటు కొద్దికొద్దిగా మార్చమని పశువైద్యులు చెప్పేది ఆ ఊరికి అలవాటు పడే వ్యవధి ఇవ్వడానికే.

ఎవరూ విప్పలేని ముడి

అన్నం మరీ త్వరగా విడిపోయి చంపితే, ప్లాస్టిక్ ఎప్పటికీ విడిపోక చంపుతుంది. కూరగాయల తొక్కలు, మిగిలిన చట్నీ కట్టి పారేసిన క్యారీబ్యాగును ఆవు సంచితో సహా మింగుతుంది. ఆవు పెదవులతో ఏరుకుని తినే జంతువు కాదు, నాలుకతో చుట్టి లాక్కుంటుంది. రూమెన్ నుంచి ముందుకు వెళ్లే దారి ఇరుకు. నలిగి, చిన్న ముక్కలైనవే దాటుతాయి. ప్లాస్టిక్ నలగదు. నెమరుకు రాదు. ఏళ్ల తరబడి అక్కడే పేరుకుని, తాళ్లు గుడ్డలతో ముద్ద కడుతుంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వీధి ఆవులకు ఆపరేషన్లు చేసి ఒక్కో కడుపు నుంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీసింది. ఆ సంస్థ 2012లో ఈ విషయంపై సుప్రీంకోర్టును ఆశ్రయించింది. అలాంటి ఆవు కడుపు నిండుగానే కనిపిస్తుంది. గడ్డి పట్టే చోటు లేక లోపల ఆకలితో చిక్కిపోతుంది.

మేకులు, తీగ ముక్కలు బరువుగా ఉంటాయి కాబట్టి పక్కనున్న రెటిక్యులంలోకి జారుతాయి. ఆ గదికి ముందు కొద్ది దూరంలోనే గుండె ఉంది. కడుపు ముడుచుకున్నప్పుడు తీగ గోడను పొడుచుకుని గుండె పొర దాకా వెళ్లవచ్చు. కొన్ని దేశాల్లో ఆవుల చేత ఒక చిన్న అయస్కాంతాన్ని మింగిస్తారు. అది రెటిక్యులంలో స్థిరపడి మేకులను పట్టి ఉంచుతుంది.

గేదె చచ్చిపోయాక

ఇక గొలుసులో చివరి మెట్టు. మన దేశంలో చచ్చిన పశువుల్లో చాలావాటిని మనుషులు తినరు. ఊరి బయట పడేస్తారు. కొన్ని క్వింటాళ్ల మాంసం, అందులోని శక్తి ఒకప్పుడు రాబందుల పాలయ్యేవి. ఒక గుంపు దిగితే అరగంట, ముప్పావుగంటలో ఎముకలు మిగిలేవి. రాబందు కడుపులో ఆమ్లం పీహెచ్ దాదాపు 1. కుళ్లిన మాంసంలో మనల్ని చంపగల సూక్ష్మజీవుల్లో చాలావరకు అక్కడ చచ్చిపోతాయి. గేదె కడుపు సూక్ష్మజీవులను పెంచేదైతే, ఇది వాటిని కాల్చే కొలిమి.

1990ల నుంచి రాబందులు రాలిపోవడం మొదలైంది. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో విభు ప్రకాశ్ ఆ తరుగుదలను మొదట గమనించి నమోదు చేశారు. 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు 99.9 శాతం, పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు దాదాపు 97 శాతం తగ్గిపోయాయి. తిండి కరువు లేదు. వైరస్ అనుకున్నారు, దొరకలేదు. చచ్చిన పక్షులను కోసి చూస్తే కాలేయం, గుండె మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. అది యూరిక్ ఆమ్లం. అంటే మూత్రపిండాలు పాడయ్యాయి. లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో పరిశోధించి 2004లో కారణం ప్రకటించింది: డైక్లోఫెనాక్. పశువుల నొప్పులకు, జ్వరానికి అప్పట్లో విరివిగా వేసిన చవక ఇంజెక్షన్.

గేదె ఒళ్లు ఆ మందును తట్టుకుంటుంది, కొద్ది రోజుల్లో విడగొట్టి బయటికి పంపేస్తుంది. కానీ ఇంజెక్షన్ వేసిన ఒకటి రెండు రోజుల్లోనే పశువు చచ్చిపోతే మందు మాంసంలో మిగిలే ఉంటుంది. ఆ కొద్దిపాటి మోతాదు రాబందు మూత్రపిండాలను ఆపేస్తుంది. కొలిమి లాంటి ఆ ఆమ్లం ఆంత్రాక్స్‌ను ఆపగలదు గానీ దీన్ని ఆపలేదు. ఇంకా భయపెట్టే లెక్క ఒకటుంది. జాతి మొత్తం కుప్పకూలడానికి నూటికి ఒక కళేబరంలో కూడా మందు ఉండనక్కర్లేదని పరిశోధకులు తేల్చారు. ఒక్క కళేబరం మీద పదుల పక్షులు వాలుతాయి కాబట్టి.

ఆ మాంసం తినే కడుపులు ఖాళీ అయ్యేసరికి శక్తి వేరే దారి పట్టింది. వీధికుక్కలు, ఎలుకలు, కుళ్లబెట్టే బ్యాక్టీరియా దాన్ని పంచుకున్నాయి. వాటితో పాటు రేబిస్ బెడద, నీటి కాలుష్యం పెరిగాయి. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయి ఉంటారని అంచనా.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషులకు తయారుచేసే పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని తెలిశాక 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించింది. రాబందులకు హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో పశువైద్యం నుంచి తొలగించింది. మెలాక్సికామ్ అనే మందు అదే పని చేస్తుంది, రాబందులకు హాని చేయదు. మీ గేదెకు నొప్పుల ఇంజెక్షన్ రాసినప్పుడు ఆ పేరు అడిగి చూసుకోవచ్చు.

హర్యానాలోని పింజోర్‌తో పాటు హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ రాబందుల సంతానోత్పత్తికి ఏర్పాట్లు చేశారు. 2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పక్కనున్న పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ పిల్ల పెరిగి తాను గుడ్డు పెట్టేసరికి నాలుగైదేళ్లు పడుతుంది.